సర్జరీ స్కాలర్‌షిప్ ఖాయం అనే మధ్యవర్తులకు డబ్బు కట్టకండి

సర్జరీ శిక్షణలో ఉండి, స్కాలర్‌షిప్పో ప్రయాణ గ్రాంటో ఇప్పిస్తామనే సంస్థకు రుసుము కట్టబోతున్నవారు దయచేసి ఇది చదివాకే కట్టండి. నేను కట్టి నష్టపోయాను.

ఆ సంస్థవారు నా బయోడేటా చూసి, కొన్ని పథకాలకు నాకు పూర్తి అర్హత ఉందంటూ ఒక ‘అర్హత పత్రం’ ఇచ్చారు. ముద్ర, సంతకం, వరుస సంఖ్య అన్నీ ఉన్న ఆ కాగితానికి ఎక్కడా విలువ లేదు. అర్హుడు ఎవరో తేల్చేది డబ్బు ఇచ్చే సంస్థ మాత్రమే.

వారు ముందుగా చూపింది అమెరికాలోని సర్జన్ల వృత్తి సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ వారి ఇంటర్నేషనల్ గెస్ట్ స్కాలర్‌షిప్. అది నిజమైన పథకమే, గౌరవం ఉన్నదే. అయితే అది అమెరికా, కెనడాలకు వెలుపలి సర్జన్ల కోసం పెట్టినది. శిక్షణ మొత్తం ముగించి, స్థిరపడదలచిన చోట కనీసం ఏడాది పాటు వైద్యమో బోధనో పరిశోధనో చేసి ఉండాలన్నది దాని నిబంధన. నేను ఇంకా రెసిడెంట్‌ని, అంటే శిక్షణలో ఉన్న డాక్టర్‌ని. ఆ మాట నా బయోడేటా మొదటి వరుసలోనే ఉంది. అంటే చదివి కూడా డబ్బు తీసుకున్నారు.

నిలదీస్తే వచ్చిన జవాబు ఇంకా ఘోరం: ‘శిక్షణ పూర్తయినట్టు తేదీ వేద్దాం, ఎవరూ చూడరు.’ చూస్తారు. విభాగాధిపతి లేఖ, డిగ్రీ పత్రం, రిజిస్ట్రేషన్ వివరాలు పక్కపక్కన పెడితే తేదీల తేడా దొరికిపోతుంది. దొరికితే స్కాలర్‌షిప్ పోవడంతో ఆగదు, విషయం మెడికల్ కౌన్సిల్ దాకా వెళితే వృత్తికే ముప్పు. దరఖాస్తు మీ పేరుతో వెళుతుంది కాబట్టి సంజాయిషీ ఇచ్చుకోవలసింది మీరే. రోగుల ప్రాణాలు చేతిలో పెట్టుకునే వృత్తిలోకి అడుగుపెడుతున్న వారికి ఇలాంటి సలహా ఇవ్వడం నాకు డబ్బు పోవడం కంటే ఎక్కువ బాధ కలిగించింది.

ఇంకొక మాట కూడా నమ్మకండి: ‘ముందు కోర్సు ఫీజు కట్టండి, గ్రాంటు వచ్చాక సర్దుబాటవుతుంది.’ చాలా ప్రయాణ గ్రాంట్లకు బయలుదేరే ముందే ఆమోదం ఉండాలి. ముగిసిపోయిన కోర్సుకు వెనకటి తేదీతో ఇవ్వరు. ఆమోదం వచ్చినా, కొన్నిచోట్ల రసీదులు పంపాకే డబ్బు చేతికి వస్తుంది. సర్జన్ల కళాశాలలు (‘కాలేజ్’ అనే పేరున్న వృత్తి సంఘాలు) ఇచ్చే గ్రాంట్లలో ఎక్కువ భాగం చందా బకాయి లేని తమ సభ్యులకే. ఈ షరతులేవీ నాకు చెప్పలేదు.

‘ఫెలోషిప్’ అన్న పేరును అడ్డం పెట్టుకుని చేసే మోసం ఇంకొకటి ఉంది. స్వయంగా ఆపరేషన్లు చేసే శిక్షణ అని అమ్మారు, పత్రాల్లో మాత్రం పరిశీలకుడిగా అని రాసి ఉంది. పరిశీలకుడు ఆపరేషన్ థియేటర్‌లో నిలబడి చూడవచ్చు, రోగిపై చేయి వేయకూడదు. అమెరికాలో గుర్తింపు పొందిన శిక్షణలో చేరాలంటే విదేశాల్లో వైద్యం చదివినవారికి ఈసీఎఫ్ఎంజీ (వారి అర్హతలను పరిశీలించే అమెరికా సంస్థ) ధ్రువీకరణ కావాలి. బ్రిటన్‌లో రోగులకు చికిత్స చేయాలంటే అక్కడి డాక్టర్లను నమోదు చేసే జనరల్ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏ స్కాలర్‌షిప్పూ వీటికి బదులు కాదు.

డబ్బు వెనక్కి అడిగితే ఒప్పందం చూపించారు. అందులో ఉన్నది ‘దరఖాస్తు సహాయం’ మాత్రమే. ‘ఎంపిక బాధ్యత మాదే’ అని వారు అన్నదంతా ఫోనులో చెప్పిన మాట. కాబట్టి ప్రతి హామీనీ రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే అక్కడితో వదిలేయండి. అంతకంటే ముందు, పథకం ఇచ్చే సంస్థకే నేరుగా ఈమెయిల్ రాయండి: నేను శిక్షణలో ఫలానా దశలో ఉన్నాను, ఫలానా దేశ పౌరుడిని, మీ సభ్యత్వం ఉంది లేదా లేదు, దరఖాస్తు చేయవచ్చా? దీనికి ఏ మధ్యవర్తీ అక్కరలేదు.

ఇప్పటికే కట్టినవారు మీ పేరుతో పంపిన ప్రతి దరఖాస్తు నకలును వెంటనే అడగండి. నేను వద్దన్న తేదీతోనే ఒక దరఖాస్తు వెళ్లిందని అలా అడిగినప్పుడే తెలిసింది. సంప్రదింపుల ఈమెయిల్ కూడా వారిదే పెట్టారు. అలాంటిది మీకూ కనిపిస్తే వారి ద్వారా కాకుండా మీరే స్కాలర్‌షిప్ సంస్థకు రాసి, ఆ దరఖాస్తును ఉపసంహరించుకోండి. ఆ ఉత్తరం నకలు మీ విభాగాధిపతికి కూడా పంపండి.