వశిష్ఠ మీద రెండు రోజులు: పడవ, గుడారం, పోటు వేళలు

శని, ఆదివారాల్లో గోదావరి పాయ వశిష్ఠ మీద నాటు పడవలో తిరిగి, రాత్రి నది మధ్య లంకలో గుడారం వేసుకుని పడుకోవాలని ఉంటే, గది అద్దెలూ బోటు ధరలూ అడిగే ముందు క్యాలెండరులో తిథి చూసుకోండి. దిండి నుంచి అంతర్వేది దాకా ఈ పాయలో నీరు రోజుకు రెండుసార్లు పోటెక్కుతుంది, రెండుసార్లు తీస్తుంది, అంటే తగ్గి సముద్రం వైపు పోతుంది. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. పున్నమికీ అమావాస్యకీ పోటు బలంగా ఉంటుంది, అష్టమి ప్రాంతంలో మందగిస్తుంది. పడవవాళ్ళకు తిథి చెబితే చాలు, నీరు ఎప్పుడు తిరుగుతుందో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేస్తారు. మా బావమరిదీ నేనూ పున్నమికి దగ్గరగా ఉన్న జనవరి శనివారం చూసుకుని బయలుదేరాం. ఆ రోజుల్లో ఇక్కడ పొద్దెక్కాక నీరు తీయడం మొదలై, మధ్యాహ్నం దాటేదాకా దిగువకు లాగుతుంది.

హైదరాబాదు నుంచి వచ్చేవారికి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ అన్నిటికన్నా మేలు. రాత్రి ఎక్కితే పొద్దున్న దిగవచ్చు. చివరి స్టేషను నరసాపురం దాకా పోకుండా పాలకొల్లులో దిగండి. అక్కడ దిబ్బరొట్టెను మూత మీద కూడా నిప్పులు వేసి కాలుస్తారు, చెరకు పానకంతో పెడతారు. అంచు కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఆవిరి కక్కుతూ ఉంటుంది. ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. అక్కడి నుంచి ఆటోలో చించినాడ వంతెన దాటితే దిండి.

దిండిలో పర్యాటక శాఖ రిసార్టు ఉంది. కొబ్బరితోట మధ్య, నదికి ఎదురుగా. పెద్దవాళ్ళతో వచ్చేవారికి అదే సరైన చోటు. హౌస్‌బోటు సంగతి వేరు. మా బంధువులు లోగడ ఒక ప్రైవేటు హౌస్‌బోటు తీసుకుంటే వారితో నేనూ వెళ్ళాను. గది చల్లగా ఉంది, భోజనం బాగుంది. కానీ జనరేటరు మోత, పై అంతస్తులో పాటల హోరు రాత్రి పదకొండు దాకా ఆగలేదు. నది పక్కనే ఉన్నా నీటి చప్పుడు వినబడలేదు. సౌకర్యం కావాలంటే ఒడ్డున గది తీసుకోండి, నది కావాలంటే తెడ్డు పడవ ఎక్కండి. ఆ రెండూ ఒకేచోట దొరుకుతాయని నాకు అనిపించలేదు.

ఇప్పుడు రేవుల్లో ఎక్కువగా ఇంజను బిగించిన ఫైబరు పడవలే కనిపిస్తాయి. తెడ్డు పడవ కావాలంటే ముందురోజే ఎవరినైనా అడిగి పెట్టుకోవాలి. మాకు దొరికిన పడవాయన అరవై దాటిన మనిషి. సామాను సర్దేసి "బయలుదేరదామా?" అని మేము తొందరపడుతుంటే, ఆయన రేవు మెట్ల మీద తడి గీత చూపించి "నీరు తిరగనివ్వండి బాబూ, తరువాత పడవే తీసుకువెళ్తుంది" అన్నారు. మెట్టు మీద నీళ్ళు జానెడు తగ్గాక గెడతో ఒడ్డుకు ఒక పోటు పొడిచారు. ఆపైన తెడ్డు ఎక్కువగా చుక్కానిలాగే పనిచేసింది. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురు తిరిగేలోపు మేము దిగవలసిన లంక చేరుకున్నాం.

పడవ ఎక్కే ముందు లైఫ్ జాకెట్లు అడగండి. లేవంటే ఎక్కకండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగి పదుల మంది చనిపోయారు. అది ఎగువన పాపికొండల దారిలో, వరద రోజుల్లో జరిగింది. ఇక్కడ నది నిదానంగా కనిపిస్తుంది, అందుకే మరీ భయం. జాకెట్టు ఉంటే సరిపోదు, పట్టీలు బిగుస్తున్నాయో లేదో చూడాలి. పిల్లలకు పిల్లల కొలతే ఉండాలి.

నీరు తీసేటప్పుడు దిగువకు వెళ్ళడంలో ఇంకో లాభం ఉంది. మడచెట్లున్న గట్ల దగ్గర బురద బయటపడుతుంది. ఆ బురదలోంచి మడ వేళ్ళు వేలెడెత్తున నిటారుగా లేచి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కనుక లోపలి వేళ్ళకు ఊపిరి అందేది వాటితోనే. మధ్యలో ఎర్ర డెక్కల పీతలు పడవ నీడ పడగానే ఒక్కసారిగా బొరియల్లో దూరతాయి, నీడ దాటగానే మళ్ళీ ఒక్కొక్కటే బయటికి వస్తాయి. పోటు మీద వెళ్ళేవారికి ఇదంతా నీళ్ళ కిందే ఉండిపోతుంది.

లంకలో ఒక రైతు తోటలో, ఆయన అనుమతితో గుడారం వేశాం. కొబ్బరిచెట్టు కింద నీడ ఉంది కదా అని గుడారం వేయవద్దు, కాయ కాకపోయినా మట్ట పడినా ప్రమాదమే. ఇసుక తిన్నె మీద వేస్తే రాత్రి పోటు దాని మీదికి రావచ్చు. గట్టు మీద ఖాళీ స్థలమే మంచిది. జనవరిలో మంచు విపరీతంగా కురుస్తుంది, పై గుడ్డ తెల్లారేసరికి కారుతుంటుంది. దోమతెర తప్పనిసరి. తాగే నీళ్ళు క్యాన్లలో తీసుకువెళ్ళండి, సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. రాత్రంతా అవతలి గట్టు మీద రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి, నిశ్శబ్దం కోరి వచ్చేవారు ఇది తెలుసుకుని రావాలి. నాకు ఆ హోరు కాసేపు చిరాకు పుట్టించింది. తోట యజమాని ఇంటి ఇల్లాలు వండి పంపిన పండుగప్ప పులుసు తిన్నాక దాని ఊసే మరిచిపోయాను. డబ్బు ఇవ్వబోతే వద్దన్నారు, బలవంతం చేస్తే చేప ఖరీదు మాత్రం తీసుకున్నారు.

జనవరిలో ఎవరైనా పులస పెడతామంటే నమ్మకండి. పులస సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదుకుంటూ వచ్చేది వరద నెలల్లోనే. మిగతా కాలంలో ఆ పేరుతో పెట్టేది చాలావరకు విలస, అంటే సముద్రంలో పట్టిన అదే జాతి చేప. విలస తినకూడదని కాదు, పులస ధర పెట్టవద్దని.

రెండో రోజు మళ్ళీ నీరు తిరిగాక బయలుదేరి అంతర్వేదిలో దిగాం. పడవాయన సాయంత్రం పోటు మీద, వెనక గాలితో ఎగువకు వెళ్ళిపోయారు, మేము ముందే ఒకవైపు ప్రయాణానికే మాట్లాడుకున్నాం. నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా చిన్న పడవలో వెళ్ళవద్దు, అక్కడ స్నానానికీ దిగవద్దు, ప్రవాహం లాగేస్తుంది. ఒడ్డు వెంట నడిచి చూడవచ్చు. నరసింహస్వామి దర్శనం ప్రశాంతంగా జరిగింది. భీష్మ ఏకాదశికి ఇక్కడ రథోత్సవం. ఆ రోజుల్లో గదీ దొరకదు, పడవలూ ఖాళీ ఉండవు, తీర్థం కోసమే వచ్చేవారు తప్ప మిగతావారు ఆ వారం మానుకోవడం మంచిది.

చిన్న పిల్లలున్నవారికి నేను ఈ దారి చెప్పను. కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యంలో మడ అడవి మధ్య నడకదారి వేశారు, అటవీ శాఖ బోటు కూడా ఉంది. అక్కడా పోటు చూసుకునే బోటు తీస్తారు, ముందు కనుక్కుని వెళ్ళండి.

తిరుగు ప్రయాణంలో అంతర్వేది నుంచి ఆటోలో సఖినేటిపల్లి రేవుకు వచ్చి, బళ్ళను కూడా దాటించే పంటు ఎక్కితే అవతల నరసాపురమే. ఆదివారం సాయంత్రం బళ్ళ వరుస పొడుగ్గా ఉంటుంది. రైలు వేళకు కనీసం రెండు గంటల ముందే రేవు చేరుకోండి.