రెండు ఆదివారాల చరిత్ర నడక: మావాడితో వెళ్ళొచ్చాక

మావాడు తొమ్మిదో తరగతి. సోషల్‌లో మార్కులు బాగానే వస్తాయి. గోల్కొండను ఎవరు ఏలారంటే కుతుబ్‌షాహీలు, 1518 నుంచి 1687 దాకా అని ఠక్కున చెప్తాడు. ఆ కోటను చూసింది మాత్రం ఒక్కసారే, నాలుగేళ్ళప్పుడు, నా చంకలో. మేముండేది బీరంగూడ. అక్కడి నుంచి కోట ఎంత దూరమని! అందుకే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘12 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు మన రాష్ట్ర చరిత్ర, రెండు ఆదివారాలు, 1,400 రూపాయలు’ అని మెసేజ్ రాగానే డబ్బు కట్టేశాను. ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు తోడు రావచ్చన్నారు. నేనూ వెళ్ళాను.

నడిపేవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్ళు ఈమధ్యే మొదలుపెట్టారు, లోపాలున్నాయి, అవన్నీ ఫోన్ చేసి వాళ్ళకే చెప్పాను. సరిచేసుకోవడానికి కొంత టైమ్ ఇవ్వాలి కదా. కానీ ఇలాంటి నడకలు సిటీలో చాలా జరుగుతున్నాయి. మీ పిల్లల్ని పంపేముందు ఏం చూసుకోవాలో తెలుస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందుగా నాకు బాగా నచ్చిన విషయం. డబ్బు కట్టిన మర్నాడే పిల్లలకు ఒక ప్రశ్న పంపారు: ‘ఒకప్పుడు మీ ఊళ్ళో ఉండి ఇప్పుడు కనిపించనిది ఏంటో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాసుకుని రండి.’ మావాడు వాళ్ళ తాత దగ్గర కూర్చున్నాడు. మా మామయ్యది చేర్యాల పక్క పల్లె. మేము పద్మశాలీలం. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి “పటం కథ” అన్నారు. పంటలు ఇంటికొచ్చాక కూనపులి వాళ్ళు బొమ్మల పటం చుట్టుకుని ఊళ్ళోకి వచ్చేవాళ్ళట. వాడలో గుంజలు పాతి, పటం కట్టి, ఒక్కో బొమ్మ విప్పుకుంటూ రాత్రంతా మార్కండేయ పురాణం, భావనా ఋషి కథ చెప్పేవాళ్ళట. తామర తూళ్ళ నారతో దేవతలకు బట్ట నేసిన భావనా ఋషి పద్మశాలీలకు మూలపురుషుడు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి పదహారేళ్ళయింది. ఈ మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

మొదటి ఆదివారం గోల్కొండ, ఆ తర్వాత కుతుబ్‌షాహీ సమాధులు. ఏడున్నరకి రావాల్సిన బస్సు ఎనిమిదింబావుకి వచ్చింది. దాంతో కోట ఎక్కేసరికి ఎండ మాడు మీదికొచ్చింది. ఫిబ్రవరి కాబట్టి తట్టుకున్నాం గానీ ఏప్రిల్‌లో అయితే పిల్లలు సొమ్మసిల్లిపోయేవాళ్ళు. నీళ్ళు మనిషికి ఒక్క చిన్న బాటిల్ ఇచ్చారు. అది ఏ మూలకీ చాల్లేదు.

కోటలో గైడ్‌గా వచ్చిన అబ్బాయికి పిల్లలతో ఎలా మాట్లాడాలో తెలుసు. బాలాహిస్సార్ దర్వాజా గుమ్మటం కిందికి రాగానే అందరూ చప్పట్లు కొట్టబోతే ఆపాడు. సగం మందిని తన తోటి అమ్మాయితో పైకి పంపి, మిగతా సగాన్ని కింద ఉంచాడు. పైవాళ్ళు చేరుకున్నాక కిందివాళ్ళు మూడుసార్లు చప్పట్లు కొట్టారు. ఎన్ని వినిపించాయో పైవాళ్ళు ఫోన్‌లో చెప్పాలి. మూడూ వినిపించాయి. శత్రువు గుమ్మం దాకా వస్తే కొండ మీద రాజుకి ఎలా తెలిసేదని ఇక వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. మెట్లు లెక్కపెట్టమంటే ముగ్గురు మూడు లెక్కలు చెప్పారు, మళ్ళీ దిగుతూ లెక్కపెట్టుకున్నారు.

రామదాసు చెరసాల దగ్గర మాత్రం ఆ అబ్బాయి అరగంట కూర్చోబెట్టాడు. గోడ మీద చెక్కిన సీతారామలక్ష్మణుల్ని, హనుమంతుణ్ణి పిల్లలు దగ్గరికెళ్ళి చూశారు. ఆ తర్వాత అతను ఒకే ప్రశ్న వేశాడు. కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారు. భద్రాచలం గుడికి ఖర్చుపెట్టిందేమో సర్కారు శిస్తు సొమ్ము. తానీషా జైల్లో పెట్టడం తప్పా, ఒప్పా? అంతే, గొడవ మొదలైంది. ఒకమ్మాయి “ప్రజల డబ్బు కదా అన్నా, అడగకుండా ఎలా తీస్తారు?” అంది. ఇంకొకడు “దేవుడి కోసం కదా, ఇంట్లో దాచుకోలేదు కదా” అన్నాడు. మావాడు “అక్కన్న మాదన్నలు ఆయనకి మేనమామలు, తానీషా దగ్గర మంత్రులు. అయినా విడిపించలేకపోయారా?” అని అడిగాడు. గైడ్ తీర్పు చెప్పకుండా లేచాడు. పిల్లలు ఆ ప్రశ్న మోసుకుంటూనే కొండ దిగారు. పన్నెండేళ్ళు చెరలో ఉన్నాడని చెప్పుకునే మనిషిని అయ్యోపాపం అనుకుని వదిలేయకుండా ఆలోచించేలా చేశాడు. నా 1,400 రూపాయలు నాకు అక్కడే ముట్టాయి.

ఇక్కడే ఒక లోపం కూడా చెప్పాలి. అప్పటిదాకా అతను మాట్లాడింది దాదాపు అంతా ఇంగ్లిష్. పిల్లలకిచ్చిన పుస్తకం కూడా ఇంగ్లిష్‌లోనే ఉంది. మాతో సర్కారు బడిలో తెలుగు మీడియం చదివే అక్కాచెల్లెళ్ళు ఇద్దరున్నారు. చెరసాల దగ్గర తెలుగులోకి దిగేదాకా వాళ్ళు ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక ఆ పెద్దపిల్లే అందరికంటే బాగా వాదించింది. మన రాష్ట్రం గురించి చెప్తూ మన పిల్లల్నే వెనక వరసలో కూర్చోబెడితే నాకు మనసొప్పలేదు. ఫోన్‌లో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఇదే.

ఆలస్యం వల్ల సమాధుల దగ్గర గంటే మిగిలింది. అది చాలా తక్కువ. ఆగాఖాన్ ట్రస్ట్ 2013 నుంచి అక్కడ ఎంత పని చేసిందో కళ్ళకు కనిపిస్తోంది. మెట్లబావుల్ని బాగుచేసిన తీరుకి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. పెద్ద బావి మెట్ల మీద పిల్లల్ని పావుగంటైనా కూర్చోనిస్తే బాగుండేది. హయాత్ బక్షీ బేగం సమాధినీ నడుస్తూనే చూపించారు. ఒక సుల్తాన్ కూతురు, ఇంకొకరి భార్య, మరొకరి తల్లి. రోజూ బస్సుల మీద చదివే హయత్‌నగర్ పేరు ఆవిడదే. ఆడపిల్లలు ఆగి చూస్తుంటే “త్వరగా, త్వరగా” అన్నారు.

ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి దగ్గర మాత్రం ఆగారు. 1550 నుంచి 1580 దాకా ఏలిన ఈయన కుర్రతనంలో విజయనగరంలో తలదాచుకున్నాడు. తెలుగు మీద ఎంత ఇష్టమంటే మన కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఆ కాలంలోనే పొన్నెగంటి తెలగనార్యుడు సంస్కృత పదాలు లేని అచ్చ తెలుగులో మొదటి కావ్యం రాసి, పటాన్‌చెరు అమీన్ ఖాన్‌కి అంకితమిచ్చాడు. “మన పటాన్‌చెరేనా?” అని మావాడు నా చెయ్యి పట్టి లాగాడు. మన పటాన్‌చెరే, కూరగాయలకు వెళ్ళే పటాన్‌చెరే.

రెండో ఆదివారం ఒక హాల్లో చేర్యాల బొమ్మలు, అంటే మా మామయ్య చెప్పిన ఆ పటాల మీది బొమ్మలు, వేయడం. ఇంటి దగ్గర ప్రశ్నకు మావాడు రాసిన జవాబు చూసి వాళ్ళే ఫోన్ చేసి “తాతగారిని కూడా తీసుకురండి” అన్నారు. టికెట్ అడగలేదు. ఈ మర్యాద నేను మర్చిపోను.

చేర్యాల నుంచి ఈ బొమ్మలు వేసే నకాశీ కళాకారుడు వచ్చాడు. ముందు గుడ్డ తయారీ చూపించాడు. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక కలిపి పూస్తారు. ఆరాక మళ్ళీ పూస్తారు, అలా మూడుసార్లు. చింతగింజలు ఉడికిన వాసన హాలంతా నిండింది. పిల్లలకు తలా జానెడు గుడ్డ ఇచ్చి పూయమన్నారు. మావాడు ఒక్కసారికే మందంగా పట్టించాడు. ఆరాక చుట్టబోతే పెంకులా పగిలి ఒళ్ళో రాలింది. ఆయన నవ్వి “పల్చగ పుయ్యాలె బిడ్డా. పటం ఊరూరా చుట్టాలె, విప్పాలె. పగిలితే కథ పోతది” అన్నాడు. మావాడు ఆ పెంకుల్ని అగ్గిపెట్టెలో వేసుకుని ఇంటికి తెచ్చాడు.

అప్పుడు ఆయన తన పాత పటం ఒకటి విప్పాడు. మూడడుగుల వెడల్పు, ఎర్రటి నేల, అడ్డంగా వరసలు వరసలుగా బొమ్మలు. మా మామయ్య కుర్చీలోంచి లేచి దగ్గరికెళ్ళారు. పులి మీద కూర్చున్న మనిషి మీద వేలు పెట్టి “భావనా ఋషి” అన్నారు. ఆ పక్క బొమ్మలో ఏముందో ఆయనే చెప్పారు, దాని పక్కదీ చెప్పారు. కళాకారుడు తాను ఆగిపోయి, కర్ర ఆయన చేతికిచ్చాడు. మా మామయ్యకి డెబ్బై ఆరేళ్ళు. ఇరవై మంది పిల్లలు నేల మీద కూర్చుని ఆయన చెప్పేది విన్నారు. మావాడు మొదటి వరసలో ఫోన్ పట్టుకుని రికార్డు చేశాడు, చెయ్యి నొప్పెట్టినా దించలేదు.

కాబట్టి ఏ బృందానికైనా డబ్బు కట్టేముందు రెండు సంగతులు అడగండి: పిల్లలతో ఏ భాషలో మాట్లాడతారు, ఒక్కో చోట ఎంతసేపు ఆగుతారు. చోట్లు తక్కువైనా ఫర్వాలేదు. మళ్ళీ ఈ బృందంతోనే పంపుతావా అంటే పంపుతాను. వచ్చే బ్యాచ్‌కి తెలుగు పుస్తకం ఇస్తామన్నారు, బయల్దేరేది ఆరున్నరకే అన్నారు. మా చెల్లెలి కూతురికి డబ్బు కట్టేశాను. ఇంటి దగ్గర ప్రశ్న దానికి నిన్ననే వచ్చింది. రాత్రి మా అమ్మకి ఫోన్ చేసి గంటసేపు వదల్లేదట.