మార్జరీ కెంప్ రాతప్రతి: బొమ్మల కోసమైతే వద్దు, మార్జిన్ల కోసం చూడండి

మధ్యయుగపు క్రైస్తవ గ్రంథం అనగానే బంగారు పూతలూ రంగు బొమ్మలూ ఊహించుకుని దీని స్కాన్లు తెరిస్తే నీరసం వస్తుంది. మామూలు కాగితం, దాని మీద సాల్తోస్ అనే లేఖకుడి చేతిరాత, అంతే. ఇంగ్లండ్‌లోని లిన్ పట్టణానికి చెందిన మార్జరీ తనకు కలిగిన దర్శనాలూ, దేవుణ్ణి తలచుకుని నలుగురిలో వెక్కివెక్కి ఏడవడాలూ చెబుతుంటే వేరేవాళ్లు రాసిపెట్టిన పుస్తకానికి సుమారు 1440 నాటి ఈ ఒక్క ప్రతే మిగిలింది, అదీ 1934లో ఒక ఇంటి అల్మరాలో పింగ్‌పాంగ్ సామాను వెతుకుతుంటే బయటపడిందని చెబుతారు!

అసలు మజా అంచుల్లో ఉంది. మౌంట్ గ్రేస్ మఠం సన్యాసులు ఎర్ర సిరాతో రాసుకున్న వ్యాఖ్యలు, అక్కడక్కడా చిన్న బొమ్మలు. చివరి పేజీలో మాసిపోయిన అక్షరాల్లో చక్కెర, సోంపు, జాజికాయ, దాల్చిన చెక్క, అల్లం వేసి చేసే మిఠాయి మందు ఒకటి (భక్తి పుస్తకంలో మందేంటో మరి).

నేను చూసిన సైట్‌లో జూమ్ బాగుంది, పేజీలు మాత్రం నత్తనడక, పక్కన పాఠం కూడా ఇవ్వలేదు. మధ్యయుగపు ఇంగ్లిష్ చేతిరాత అలవాటు లేకపోతే అచ్చు ప్రతి పక్కన పెట్టుకోండి. నాలుగు స్టార్లు.