జీలాండ్ ట్రిప్: సముద్రానికి తలుపులు పెట్టిన చోటు

మాది దివిసీమ, నాగాయలంక పక్కన ఊరు. 1977 నవంబర్ 19 ఉప్పెన కథలు వింటూ పెరిగినదాన్ని. అందుకే నెదర్లాండ్స్ వచ్చిన ఈ నాలుగేళ్ళలో తులిప్ తోటలు, ఆమ్‌స్టర్‌డామ్ కాలవలు అన్నీ తిరిగేసినా నా మనసు మాత్రం డెల్టా వర్క్స్ మీదే ఉండేది, అంటే ఇక్కడి జీలాండ్ వైపు సముద్రపు ఉప్పెన ఆపడానికి కట్టిన కట్టలు, గేట్లు. మొన్న మే నెలలో మూడు రోజులు సెలవు పెట్టి మా ఆయన, పిల్లాడు, నేను వెళ్ళొచ్చాం. వెళ్దామనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

అందరూ నేరుగా పెద్ద బ్యారేజీ దగ్గరికి పోతారు, మీరు అలా చెయ్యకండి. ముందు ఔవర్‌కెర్క్ అనే పల్లెలో ఉన్న వాటర్స్‌నోడ్ మ్యూజియం చూడండి. 1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున పౌర్ణమి పోటు, వాయవ్యం నుంచి తుఫాను గాలి రెండూ కలిసొచ్చి కరకట్టలు తెగిపోయి ఈ దేశంలో 1836 మంది పోయారు. మ్యూజియం ఉన్నది నాలుగు పెద్ద కాంక్రీటు పెట్టెల్లో, కైసన్లు అంటారు, రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ తీరాన తాత్కాలిక హార్బర్ కోసం చేసిన రకం. అలాంటివి నాలుగు తెచ్చి ఆఖరి గండిలో ముంచి 1953 నవంబర్‌లో పూడ్చారు. అంటే గండికి అడ్డం వేసినవాటి లోపలే మనం నడుస్తున్నాం, ఆ గోడ మీద చెయ్యి పెడితే మే నెలలో కూడా చల్లగా తగిలింది.

లోపల చనిపోయినవాళ్ళ స్మారకం ఉంది, దాని పేరు 1835+1. ఆ ఒకటి ఆ రాత్రే పుట్టి ఆ రాత్రే పోయిన పసిబిడ్డ. నేను అక్కడే కూర్చుండిపోయాను. మా అమ్మమ్మ తాడిచెట్టుని వాటేసుకుని రాత్రంతా బతికింది, వాళ్ళ అన్నయ్య చేతిలోంచి జారిపోయాడు, ఆయన పేరు ఎక్కడా రాసి చూడలేదు నేను. టికెట్ కొంచెం ఎక్కువే అనిపించినా రెండున్నర గంటలకి తక్కువ పెట్టుకోకండి.

మర్నాడు ఓస్టర్‌స్కెల్డే అనే సముద్రపు పాయకి అడ్డంగా కట్టిన ఆ పెద్ద బ్యారేజీ. మూడు ముక్కలుగా మొత్తం 9 కిలోమీటర్లు, 65 పియర్లు (కాంక్రీటు స్తంభాలు), 62 స్టీలు గేట్లు, ఒక్కో గేటు వెడల్పే దాదాపు 42 మీటర్లు. మన ప్రకాశం బ్యారేజీ గేట్లు మామూలుగా దించి ఉంటాయి, వరదొస్తే ఎత్తుతారు కదా, ఇక్కడ సరిగ్గా తిరగేసి. ఎప్పుడూ ఎత్తే ఉంటాయి, సముద్రం సగటు మట్టం కన్నా 3 మీటర్లు పైకి వస్తుందని అంచనా వస్తేనే దించుతారు. మొదట అసలు పూర్తిగా కట్ట వేసేద్దాం అనుకున్నారు, కానీ లోపల ఆల్చిప్పలు పెంచే జాలర్లు, పర్యావరణం వాళ్ళు గట్టిగా పోరాడితే 1970ల్లో ప్లాన్ మార్చి పోటూ పాటూ వచ్చిపోయేలా గేట్లు పెట్టారు. ఖర్చూ టైమూ చాలా పెరిగాయి, 1986 అక్టోబర్‌లో గానీ ప్రారంభం కాలేదు. ఒక్కో పియర్ 18 వేల టన్నుల దాకా, పొడి గుంటలో కట్టి, గుంటలోకి నీళ్ళు వదిలి, ఓస్ట్రేయా అనే ప్రత్యేకమైన ఓడతో ఎత్తి తీసుకెళ్ళి నిలబెట్టారు.

నీల్ట్యే యాన్స్ అని పని కోసం పోసిన దీవి మీద ఇప్పుడు పార్కు ఉంది, ఆ టికెట్‌తోనే బ్యారేజీ లోపలికి వెళ్ళొచ్చు. పోటు బాగా నడుస్తున్న టైమ్ చూసుకుని వెళ్ళండి, ఇదే నా పెద్ద సలహా. మేం వెళ్ళినప్పుడు పియర్ల మధ్య నీళ్ళు సుళ్ళు తిరుగుతూ లోపలికి తోసుకొస్తున్నాయి, కాళ్ళ కింద ఆ హోరు, మొహం మీద ఉప్పు తుంపర, మా వాడు నా చెయ్యి వదల్లేదు. సీల్స్ అవీ పిల్లలకి బాగుంటాయి, నేనైతే పెద్దగా పట్టించుకోలేదు.

బస జీరిక్‌జే ఊళ్ళో పెట్టుకున్నాం, పాత ఊరు, రాత్రి ప్రశాంతంగా ఉంటుంది, అన్నిటికీ మధ్యలో. గెస్ట్‌హౌస్ విషయంలో మాత్రం బాధపడ్డాం, రాత్రి 9 దాకా చెక్-ఇన్ అని రాసి మేం ఎనిమిదిన్నరకి వెళ్తే తాళం, ఫోన్ ఎత్తరు, పిల్లాడితో వానలో నలభై నిమిషాలు నిలబడ్డాం, ఆ తర్వాత ఒక్క సారీ లేదు. తాళం కోడ్ ముందే మెసేజ్‌లో తెప్పించుకోండి. భోజనానికి మజిల్స్ (ఆ ఆల్చిప్పలే) గిన్నె తినాల్సిందే, ఆ జాలర్లు నిలబెట్టుకున్నది ఇదే కదా అనుకుంటూ తిన్నాను. శాకాహారులైతే పులిహోర కట్టుకుని రండి, చిన్న ఊళ్ళలో దొరికేది తక్కువ. బస్సులున్నాయి గానీ ఆదివారం బాగా పలచన, కారు అద్దెకి తీసుకోవడమే మేలు.

తిరుగుదారిలో కిండర్‌డైక్ గాలిమరలు 19 చూశాం, అందంగా ఉన్నాయి, జనం మరీ ఎక్కువ. రోటర్‌డామ్ దగ్గర ఉప్పెన ఆపే మాస్లాంట్ గేట్లకి మాత్రం ఆగండి, 1997లో తెరిచారు, 210 మీటర్ల తలుపులు రెండు నదికి చెరోవైపు పడుకుని ఉంటాయి. 2023 డిసెంబర్ 21న నీటిమట్టం పెరిగి వాటంతట అవే మూసుకున్నాయి. ఏటా సెప్టెంబర్ ప్రాంతంలో టెస్ట్ కోసం మూస్తారు, జనం గట్టున కూర్చుని చూస్తారట. అమ్మకి ఈసారి వీసా సెప్టెంబర్‌కే పెడుతున్నాం, ఆ తేదీ బయటికి రాగానే రూమ్ బుక్ చేస్తా, ఈసారి కోడ్ చేతికొచ్చాకే డబ్బు కడతా.