సూక్ష్మజీవుల పరిచయానికి విద్యార్థి మైక్రోస్కోప్ సెట్టు: ఒక సమీక్ష

సూక్ష్మజీవశాస్త్రం కొత్తగా నేర్చుకునేవారి కోసమంటూ అమ్ముతున్న ఈ సెట్టులో 4, 10, 40, 100 రెట్ల వస్తుకటకాలు (స్లైడు వైపు ఉండేవి), 10, 20 రెట్ల అక్షికటకాలు (కంటి వైపు ఉండేవి), ఎల్ఈడీ దీపం, రంగు అద్ది సిద్ధం చేసిన స్లైడ్లు, ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. పెట్టె మీద ‘2000 రెట్లు’ అని పెద్ద అక్షరాలతో అచ్చువేశారు గానీ, ఆ అంకెను నమ్ముకుని కొనకూడదు. ఇలాంటి కాంతి మైక్రోస్కోప్ సుమారు 0.2 మైక్రోమీటర్ల (మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీసి చూపలేదు కనుక, 1000 రెట్లు దాటాక బొమ్మ పెద్దదవుతుందే తప్ప కొత్త వివరమేమీ తేలదు. 20 రెట్ల అక్షికటకం పెడితే మసక మాత్రమే పెరిగింది.

అసలు సత్తా 100 నుంచి 400 రెట్ల మధ్య ఉంది. చెరువు నీటి చుక్క ఒకటి వేసి చూస్తే, పారమీషియం అనే ఏకకణ ప్రోటోజోవా జీవి ఒంటినిండా ఉన్న శైలికలను, అంటే సన్నని వెంట్రుకల్లాంటి వాటిని, ఆడిస్తూ, తన చుట్టూ తాను తిరుగుతూ ఈదుతుంది. ఏదైనా అడ్డు తగిలితే వెనక్కి జరిగి, దిశ మార్చుకుని మళ్లీ బయలుదేరుతుంది. స్లైడు మీద కప్పే పల్చని గాజు ముక్క, అంటే కవర్‌స్లిప్ కింద నాలుగు దూది పోగులు వేస్తే దాని పరుగు తగ్గుతుంది. అప్పుడు కాంతిని కొద్దిగా తగ్గించి చూస్తే, కణంలోకి చేరిన అదనపు నీటిని బయటికి నెట్టే సంకోచ రిక్తిక నిండడం, ఖాళీ కావడం స్పష్టంగా తెలుస్తాయి. అదే చుక్కలో స్పైరోగైరా అనే శైవలం (నాచు) పోగు దొరికితే, మెలి తిరిగిన పచ్చని హరితరేణువు కూడా కనిపిస్తుంది. ప్రోటోజోవాకూ శైవలాలకూ ఉన్న తేడా గురించి వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

స్లైడ్ల ఎంపిక మెచ్చుకోదగింది. పెన్సిలియం స్లైడులో చీపురులా విచ్చుకున్న కొమ్మల చివర బీజాల గొలుసులు చక్కగా కనబడుతున్నాయి. 1928లో శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెంచుతున్న స్టాఫిలోకోకస్ బాక్టీరియాను దగ్గరికి రానివ్వనిది ఈ జాతి బూజే. అయితే అన్నిటికన్నా విలువైనది చిక్కుడు జాతి మొక్క వేరు బుడిపె స్లైడు. గాలిలోని నత్రజనిని మొక్క వాడుకోగల అమ్మోనియాగా మార్చే రైజోబియం బాక్టీరియా ఆ కణాల్లోనే కిక్కిరిసి ఉంటుంది. విచిత్రమేమిటంటే, వెంట వచ్చిన పుస్తకం రోగాలకు పేజీలకు పేజీలు కేటాయించి, ఈ సంగతిని ఒక్క వాక్యంతో సరిపెట్టింది. సూక్ష్మజీవులంటే రోగకారకాలే అన్న అపోహను పరిచయ పుస్తకమే పెంచడం సరికాదు.

బాక్టీరియా దగ్గరికి వచ్చేసరికి ఇబ్బందులు మొదలవుతాయి. ఒకటి రెండు మైక్రోమీటర్లుండే ఆ కణాలను 100 రెట్ల వస్తుకటకంతో చూడాలంటే, కటకానికీ స్లైడుకూ మధ్య ఇమ్మర్షన్ ఆయిల్ చుక్క ఉండాలి. సెట్టులో అది లేదు. విడిగా తెచ్చి వేశాక మాత్రం గుండ్రని కోకై, కడ్డీలాంటి బాసిల్లై విడివిడిగా గుర్తుపట్టగలిగాను. పుస్తకం అట్ట మీద వైరస్ బొమ్మ వేసినా, పదుల నుంచి కొన్ని వందల నానోమీటర్లుండే వైరస్‌లను చూడడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావలసిందే.

నీటి జీవులు, శిలీంధ్రాల వరకు చాలనుకునేవారు దీనిని నిశ్చింతగా కొనుక్కోవచ్చు. బాక్టీరియాకు రంగు వేసి పరిశీలించాలనుకునేవారు, స్లైడును మర తిప్పి జరిపే వీలున్న మోడల్‌ను ఎంచుకోవడం మేలు. ఇందులో వేలితో జరపాలి, 1000 రెట్ల దగ్గర వేలు కాస్త కదిలినా చూస్తున్న కణం తప్పిపోతుంది.