స్టాక్‌ఫిష్, లీలా: గడ్డు టాక్టికల్ పొజిషన్ల మీద చాలాకాలం నడిపి చూశాక

ముందే తేల్చి చెప్తాను. స్టాక్‌ఫిష్, లీలా చెస్ ఇంజిన్లు, అంటే మంచి ఎత్తులు వెతికే ప్రోగ్రాములు. ఇంజిన్‌కి ఒక టెస్ట్ సూట్ (జవాబు ముందే తెలిసిన పొజిషన్ల సమితి) ఇచ్చి, "ఇది రెండు పొజిషన్లు ఎక్కువ చేసింది కాబట్టి ఇదే గొప్ప" అనడం దండగ. ఆ రెండు పొజిషన్ల తేడా చాలాసార్లు ఇంజిన్‌ది కాదు, మనం పెట్టిన సెట్టింగులది. అదే సూట్‌ని నాలుగు థ్రెడ్లతో (లెక్కని నాలుగు పాయలుగా ఒకేసారి నడిపి) రెండోసారి నడిపితే లెక్క తారుమారవుతుంది. అయినా ఈ పరీక్షలు పనికిరావని కాదు. ఇంజిన్ ఎక్కడ తడబడుతుందో, ఎందుకు తడబడుతుందో ఇంత సూటిగా చూపించేది ఇంకొకటి లేదు. మార్కులు చూడకుండా అది తడబడే తీరు చూడాలి.

పాత సూట్ల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. 1982 నాటి బ్రాట్కో-కోపెక్ పరీక్షలో ఉన్నవి 24 పొజిషన్లు. ఫ్రెడ్ రైన్‌ఫెల్డ్ పుస్తకంలోంచి తీసిన 300 పొజిషన్ల 'విన్ ఎట్ చెస్' సూట్ ఇప్పటి స్టాక్‌ఫిష్‌కి ఉదయం టిఫిన్ లాంటిది, చాలావరకు సెకను లోపే తేలిపోతాయి. సొంతంగా ఇంజిన్ రాసుకునేవాళ్లు కొత్త మార్పు తర్వాత ఏదైనా పగిలిందేమో చూసుకోడానికి ఇది చాలు. పెద్ద ఇంజిన్ల మధ్య తేడా తేల్చడానికి పనికిరాదు. వాల్టర్ ఐగెన్‌మన్ కూర్చిన 111 పొజిషన్ల ఈఆర్ఈటీ, జాన్ డార్ట్ తన అరసాన్ ఇంజిన్‌తో పాటు ఇచ్చే సూట్ ఇంకా గట్టివి. ఈఆర్ఈటీలో టాక్టిక్స్ (త్యాగాలూ ఎదురుదెబ్బలూ) ఒక్కటే కాదు, ఎండ్‌గేములూ నెమ్మది ఎత్తులూ కూడా కలిసి ఉంటాయి. మొత్తం మార్కులు చూసి "టాక్టిక్స్‌లో ఇది బలం" అనేయకూడదు.

ఇంజిన్ నిజంగా ఎక్కడ చిక్కుకుంటుందో చూడాలంటే నేను ముందు పెట్టేది ప్లాస్కెట్ పజిల్. కూర్చింది డచ్ రచయిత వాన్ బ్రూకెలెన్. 1987లో బ్రస్సెల్స్ టోర్నమెంటులో జేమ్స్ ప్లాస్కెట్ గ్రాండ్‌మాస్టర్లకు చూపించడంతో ఆ పేరు పడింది. అక్కడ దాన్ని విప్పింది మిఖాయిల్ తాల్. బోర్డు మీద పెట్టుకోండి. తెల్ల: రాజు డీ6, శకటు డీ1, గుర్రం జీ4, బంట్లు డీ7, జీ3. నల్ల: రాజు హెచ్7, శకటు బీ4, గుర్రాలు ఏ6, జీ5, బంట్లు సీ3, సీ5, ఈ3, హెచ్6. ఎత్తు తెల్లది, గెలవాలి.

దారి ఇది. 1. గుర్రం ఎఫ్6 చెక్, రాజు జీ7. 2. గుర్రం హెచ్5 చెక్, రాజు జీ6. 3. శకటు సీ2 చెక్, రాజు హెచ్5లో గుర్రాన్ని కొడతాడు. 4. డీ8లో బంటు మంత్రి అవుతుంది, గుర్రం ఎఫ్7 చెక్, రాజూ మంత్రీ ఒకేసారి దెబ్బలో. 5. రాజు ఈ6! గుర్రం మంత్రిని చెక్‌తో కొడుతుంది. 6. రాజు ఎఫ్5.

ఇక్కడ ఆపి చూడండి. తెల్లకి మిగిలింది ఒక శకటు, ఒక బంటు. నల్లకి రెండు గుర్రాలు, ఒక శకటు, నాలుగు బంట్లు. కానీ హెచ్5లో నల్ల రాజుకి కదలడానికి గడి లేదు: జీ4, జీ5, జీ6 మూడూ తెల్ల రాజు చేతిలో, హెచ్4 బంటు చేతిలో, హెచ్6లో సొంత బంటే అడ్డం. తెల్ల శకటు ఎక్కడినుంచైనా ఒక్క చెక్ ఇస్తే ఆటకట్టు. నల్ల ఈ2 అంటూ డీ1 దారి మూస్తుంది. 7. శకటు ఈ4, ఇక ఎఫ్3 బెదిరింపు. బంటుని మంత్రి చేస్తే కట్టే, కాబట్టి ఈ1లో అది గుర్రమవుతుంది. 8. శకటు డీ5, సీ2. 9. శకటు సీ4, సీ1లో మళ్లీ గుర్రమే. 10. శకటు బీ5, గుర్రం సీ7. 11. శకటు ఏ4, ఇక డీ1 నుంచి వచ్చే చెక్‌ని నల్ల గుర్రాలు అడ్డంపడి వాయిదా వేయగలవే కానీ ఆపలేవు.

7 నుంచి 11 దాకా శకటు ఐదు ఎత్తులు. ఒక్కటీ చెక్ కాదు, ఒక్కటీ ఏ పావునీ కొట్టదు. స్టాక్‌ఫిష్ లాంటి ఆల్ఫా-బీటా (పనికిరావనుకున్న కొమ్మలను కోసేస్తూ వెతికే) ఇంజిన్‌కి కంటగింపు సరిగ్గా ఇదే. తెల్ల వంతు వచ్చినచోట స్కోరు (ఎవరు ఎంత ముందున్నారో ఇంజిన్ వేసే అంచనా) అట్టడుగున ఉంటుంది. "ఇంత వెనకబడ్డాక ఈ మామూలు ఎత్తుతో ఒరిగేదేముందిలే" అని ఫ్యుటిలిటీ ప్రూనింగ్ దాన్ని కోసేస్తుంది, లేదా జాబితాలో వెనకున్న ఎత్తు కాబట్టి డెప్త్ (ఎన్ని ఎత్తుల ముందుకి చూడాలో ఆ లోతు) తగ్గించి పైపైన చూస్తుంది. నల్ల వంతు వచ్చినచోట ఇంకో దెబ్బ: నల్ల ఎంతో ముందుంది కాబట్టి, డెప్త్ కొద్దిగానే మిగిలి ఉంటే, రివర్స్ ఫ్యుటిలిటీ అక్కడికక్కడే "ఇక చూడక్కర్లేదు" అని తేల్చేస్తుంది. ఒక కోత తప్పితే ఇబ్బంది లేదు, వరసగా పది చోట్ల ఇదే కోత పడితే దారి మూసుకుపోతుంది. ఇది లోపం అనుకోవద్దు. ఆ కోతల వల్లే మామూలు ఆటలో అది అంత లోతుకి వెళ్తుంది. కోతలు తగ్గించి సూట్‌లో మార్కులు పెంచుకున్న ఇంజిన్ ఆటల్లో రేటింగ్ పోగొట్టుకోవడం చాలా మామూలు. అందుకే స్టాక్‌ఫిష్ వాళ్లు మార్పులను సూట్లతో కాకుండా ఫిష్‌టెస్ట్ అనే తమ పరీక్షా వేదికలో వేలాది ఆటలతో తూస్తారు.

ఈ పొజిషన్‌లో స్టాక్‌ఫిష్ చివరికి దారి పట్టుకుంటుంది, కానీ పెద్ద హ్యాష్ (చూసిన పొజిషన్ల లెక్కలు దాచుకునే మెమరీ), ఎక్కువ థ్రెడ్లు, ఓపిక ఉండాలి. 16 ఎంబీ హ్యాష్‌తో ఒక థ్రెడ్ మీద వదిలేసి ఫలితం రాలేదని తిట్టుకోవద్దు. లీలా సంగతి వేరు. దానిది మాంటే కార్లో తరహా వెతుకులాట, ఏ ఎత్తు చూడాలో న్యూరల్ నెట్ ముందే వాటాలు పంచుతుంది. మంత్రిని ఊరికే ఇచ్చేసే ఎత్తుకి వాటా చిటికెడు, ఆ చిటికెడులోంచి మళ్లీ ఐదు నెమ్మది ఎత్తులు దాటాలి. 2021లో ఇదే పజిల్‌ని స్టాక్‌ఫిష్ 14కీ లీలాకీ ఇచ్చి పోల్చిన పరిశోధన పత్రంలోనూ దారి దొరికింది స్టాక్‌ఫిష్‌కే. అలాగని లీలాని తీసిపారేయకండి. రాజు చుట్టూ పట్టు కోసం పావుని ఇచ్చేసే, కట్టు ఎక్కడో దూరంగా ఉండే త్యాగాల్లో అది చాలాసార్లు మొదటి కొన్ని వందల నోడ్లలోనే (వెతుకులాటలో చూసే పొజిషన్లు) సరైన ఎత్తు మీద కూర్చుంటుంది. ఇరుకైన పొడవాటి దారుల్లో మాత్రం నీరసం. పాలసీ టెంపరేచర్ అనే సెట్టింగు కొంచెం పెంచితే వాటాలు అంత ఏకపక్షంగా ఉండవు, అలాంటి పొజిషన్లలో కాస్త మేలు. జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) లేని మెషీన్‌లో మాత్రం లీలాతో సూట్లు నడపాలనుకోవద్దు.

ఇక పరీక్ష పెట్టే పద్ధతి. నేను స్థిరపడిన తీరు ఇది.

పొజిషన్లు ఈపీడీ ఫైల్లో ఉంటాయి, వరసకి ఒకటి. అందులో 'బీఎం' అంటే ఆడాల్సిన ఎత్తు, 'ఏఎం' అంటే ఆడకూడని ఎత్తు. నడపడానికి అరీనా అనే చెస్ ప్రోగ్రాంలో ఈపీడీ సదుపాయం ఉంది, కానీ నా ఓటు పైథాన్-చెస్ లైబ్రరీతో రాసుకున్న చిన్న స్క్రిప్టుకే. అది బీఎం, ఏఎంలను ఎత్తులుగానే చదివి ఇస్తుంది, ఏది ఎప్పుడు మారిందో మొత్తం లాగ్ మన చేతిలో ఉంటుంది. దించుకున్న ఫైళ్లను గుడ్డిగా నమ్మకండి. క్యాస్లింగ్ హక్కులు రాయాల్సిన చోట పొరపాటున ఉత్త గీత (-) ఉన్న పొజిషన్‌లో జవాబే క్యాస్లింగ్ అయితే ఇంజిన్ జన్మలో దాన్ని కనిపెట్టదు. ఈపీడీలో పొజిషన్‌కి నాలుగు భాగాలే ఉంటాయి, యాభై ఎత్తుల లెక్కా, ఎత్తు సంఖ్యా ఉండవు. దాన్ని ఎఫ్ఈఎన్ (ఆ రెండూ ఉండే రూపం) కావాలనే ప్రోగ్రాంలో అతికిస్తే కొన్ని నోరు మెదపకుండా పాత పొజిషన్‌నే పట్టుకుని కూర్చుంటాయి.

ఇంజిన్ బిల్డ్ (కంపైల్ చేసిన ఫైలు) సరైనదో కాదో ముందు 'బెంచ్' ఆదేశంతో చూసుకోండి. స్టాక్‌ఫిష్ చివర్లో మొత్తం నోడ్ల సంఖ్య చూపిస్తుంది. ఒకే వెర్షన్ అయితే ఏ ప్రాసెసర్ మీదైనా ఆ సంఖ్య ఒకటే రావాలి, రాకపోతే కంపైల్‌లో తేడా ఉన్నట్టే. వేగం మాత్రం బిల్డ్‌ని బట్టి మారుతుంది. జెన్ 3 కంటే ముందు రైజెన్లలో (ఏఎండీ ప్రాసెసర్లు) బీఎంఐ2 బిల్డ్ కంటే ఏవీఎక్స్2 బిల్డ్ మేలు, ఆ చిప్పుల్లో పీఈఎక్స్‌టీ అనే ఇన్‌స్ట్రక్షన్ నత్తనడక.

ఒకే ఇంజిన్ రెండు వెర్షన్లను పోల్చేటప్పుడు సమయం కాకుండా నోడ్లు కట్టండి, ఒకే థ్రెడ్ మీద. అలా అయితే ఎన్నిసార్లు నడిపినా అదే ఫలితం వస్తుంది. సమయం కడితే ల్యాప్‌టాప్ వేడెక్కాక వచ్చే పొజిషన్లకు అన్యాయం జరుగుతుంది, సూట్ వరస మారిస్తే మార్కులూ మారతాయి. కానీ స్టాక్‌ఫిష్ నోడ్‌నీ లీలా నోడ్‌నీ పక్కపక్కన పెట్టకండి, చింతకాయకీ చింతచెట్టుకీ పోలిక పెట్టినట్టుంటుంది. వాటి మధ్య పోలికకి సమయమే గతి. ఎక్కువ థ్రెడ్లు పెట్టారా, ఒక్కో పొజిషన్‌ని కనీసం ఐదుసార్లు నడిపి మధ్యలో పడ్డ సమయాన్ని తీసుకోండి. లేజీ ఎస్ఎంపీలో (థ్రెడ్లన్నీ ఒకే హ్యాష్ పంచుకుంటూ వెతికే పద్ధతి) ఏ థ్రెడ్ ముందు ఏది హ్యాష్‌లో రాస్తుందో రెండుసార్లు ఒకేలా ఉండదు. ఒకసారి 3 సెకన్లలో చేసిన పొజిషన్ మరోసారి నిమిషం తీసుకున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

హ్యాష్: స్టాక్‌ఫిష్‌కి అడగకపోతే ఇచ్చేది 16 ఎంబీ. 32 బైట్ల గుత్తికి మూడు ఎంట్రీల లెక్కన అందులో పట్టేవి 15 లక్షల 70 వేల పైచిలుకు, అది కొద్ది సెకన్లలో నిండిపోతుంది. తెర మీద 'హ్యాష్‌ఫుల్' వెయ్యికి ఎంతో చూపిస్తుంది, అది 1000 దగ్గర నిలబడిపోతే హ్యాష్ పెంచాలి. ప్రతి పొజిషన్ ముందు హ్యాష్ ఖాళీ చేయడం మర్చిపోవద్దు. ముందు పొజిషన్ తాలూకు జ్ఞాపకం మిగిలి ఉంటే రెండో రన్‌లో అన్నీ "వెంటనే" తేలినట్టు కనిపిస్తాయి.

పైకి కనిపించని పొరపాట్లు ఇంకొన్ని. సరదాగా ఆడుకోడానికి తగ్గించిన స్కిల్ లెవెల్ 20కి (పూర్తి బలం) తిరిగి పెట్టకపోవడం. బ్రౌజర్‌లో లిచెస్ అనే చెస్ సైట్ చూపించే స్కోరు పక్కన క్లౌడ్ అని ఉంటే అది మీ మెషీన్ లెక్క కాదు, ఎవరో ముందే చేసి దాచినది. దాన్ని చూసి "నా ఫోన్ క్షణంలో కనిపెట్టింది" అనుకునేవాళ్లు తక్కువేం కాదు.

'తేల్చింది' అనడానికి కొలత ఏమిటో కూడా ముందే రాసుకోండి. ఎత్తు ఒక్కసారి తెర మీద మెరిస్తే చాలదు. ఆ ఎత్తు చివరిదాకా మారకుండా నిలవాలి, స్కోరు కూడా అందుకు తగ్గట్టు ఉండాలి. ప్లాస్కెట్‌లో మొదటి ఎత్తు గుర్రం ఎఫ్6 అని చూపిస్తూ స్కోరు సున్నా దగ్గరో మైనస్‌లోనో ఉందంటే ఇంజిన్‌కి విషయం తెలియనట్టే, అక్కడ అంతకంటే మంచిది కనబడక ఆడుతోంది. స్టాక్‌ఫిష్ 15.1 నుంచి 1.00 అంటే గెలిచే అవకాశం సగానికి సగం అని లెక్క. పాత వెర్షన్ల స్కోర్లతో పోల్చేటప్పుడు ఇది గుర్తుండాలి.

పేరు మోసిన ఎత్తులన్నీ పరీక్షకి పనికిరావు. 1999లో విక్ ఆన్ జీలో టొపలోవ్ మీద కాస్పరోవ్ ఆడిన 24. ఏనుగు డీ4ని బీఎంగా పెట్టిన ఫైళ్లు తిరుగుతుంటాయి. నల్ల ఆ ఏనుగుని కొట్టకుండా రాజు బీ6 ఆడి ఉంటే తెల్లకి గెలుపు లేదు. అది కాదన్న ఇంజిన్‌కి సున్నా వేస్తే తప్పు పరీక్షది. కొట్టాక వచ్చే 25. ఏనుగు ఈ7 చెక్ మంచి ప్రశ్న.

దానికి ఎదురు, తిరుగులేని ప్రశ్న 1998 లినారెస్‌లో టొపలోవ్ మీద షిరోవ్ ఆడినది. తెల్ల: రాజు జీ1, శకటు సీ3, బంట్లు జీ2, హెచ్4. నల్ల: రాజు ఈ6, శకటు ఎఫ్5, బంట్లు ఏ4, డీ5, ఎఫ్6, జీ6. నల్ల ఎత్తు: శకటు హెచ్3! రాజు ఈ4కి చేరాలంటే ఎఫ్5 ఖాళీ కావాలి, ఒక్క ఎత్తు కూడా వృథా కాకూడదు. జీ2 బంటుని బెదిరిస్తూ శకటు తప్పుకుంటేనే అది కుదురుతుంది. ఒకప్పుడు ఇంజిన్లని ఇది ముప్పుతిప్పలు పెట్టింది. ఇప్పటి స్టాక్‌ఫిష్‌కి పెద్ద పని కాదు, అందుకే తేడా చూపే ప్రశ్నగా దీని కాలం అయిపోయింది. టేబుల్‌బేస్ (కొద్ది పావులే మిగిలిన పొజిషన్లకు ముందే తేల్చి పెట్టిన జవాబులు) ప్రభావం చూడటానికి మాత్రం బాగుంటుంది: ఒకసారి సిజిజీ అనే టేబుల్‌బేస్ ఫైళ్లతో, ఒకసారి తీసేసి నడపండి. ఐదు పావుల దాకా ఫైళ్లు 1 జీబీ లోపే. ఆరు పావులవి 150 జీబీ దాకా ఉంటాయి, హార్డ్ డిస్క్ మీద పెడితే వెతుకులాటే నెమ్మదిస్తుంది, ఎస్ఎస్‌డీ ఉంటేనే పెట్టండి.

పరీక్ష కాదు, విశ్లేషణ కావాలంటే నియమాలన్నీ తిరగబడతాయి. హ్యాష్ ఖాళీ చేయకండి. మల్టీపీవీ (ఒకేసారి చూపించే లైన్ల సంఖ్య) 3 గానీ 4 గానీ పెట్టండి. మొదటి లైను డెప్త్ నెమ్మదిస్తుంది, కానీ వెనక వరసలో పడి సగం సగం చూసిన ఎత్తుకి సొంతంగా పూర్తి వెతుకులాట దొరుకుతుంది, దాక్కున్న త్యాగాలు బయటపడేది ఇలాగే. అనుమానమున్న ఎత్తు ఒకటే ఉంటే 'సెర్చ్‌మూవ్స్' పెట్టి అదొక్కటే వెతికించండి. అప్పటికీ స్కోరు కదలకపోతే లైను చివరికి వెళ్లి, అక్కడ ఇంజిన్‌కి కట్టు కనిపించాక, ఒక్కో ఎత్తూ వెనక్కి రండి. ప్లాస్కెట్‌లో 6. రాజు ఎఫ్5 తర్వాతి పొజిషన్ దగ్గర మొదలుపెట్టి ఇలా వెనక్కి నడిస్తే, మొదటి ఎత్తు దగ్గరికి వచ్చేసరికి హ్యాష్‌లో ఉన్న జవాబు అందుకుంటుంది.

రోజూ వాడటానికి ఒక్కటే పెట్టుకోమంటే స్టాక్‌ఫిష్ కొత్త వెర్షన్. డబ్బు కట్టక్కర్లేదు. జీపీయూ ఉంటే రెండో అభిప్రాయానికి లీలా. బంట్లు బిగుసుకుపోయి ఎటూ కదలని కోటల్లాంటి పొజిషన్లలో స్టాక్‌ఫిష్ ప్లస్ 2 చూపిస్తూ గంటలకొద్దీ అక్కడే తిరుగుతుంటే, అదే కోడ్ నుంచి పుట్టిన క్రిస్టల్‌ని ఒకసారి నడిపి చూడండి, అది ఇలాంటివాటి కోసమే చెక్కింది. ఆటల్లో కొంచెం వెనకబడుతుంది కాబట్టి దాన్ని ప్రధాన ఇంజిన్‌గా పెట్టుకోవద్దు.