‘మినీ పీసీకి సరిపోతుంది’ అని అమ్ముతున్న 10జీ ఫైబర్ కార్డులతో జాగ్రత్త

ఆన్‌లైన్‌లో ‘10జీ డ్యూయల్ పోర్ట్ ఫైబర్ కార్డ్, బ్రాండ్ న్యూ, మినీ పీసీ కంపాటిబుల్’ అంటూ, కంప్యూటర్‌ను సెకనుకు 10 గిగాబిట్ల ఫైబర్ నెట్‌వర్క్‌కు కలిపే కార్డు ఒకటి తెగ అమ్ముడవుతోంది. ధర నాలుగు వేల పైచిలుకు, ఫోటోలో తళతళలాడే హీట్‌సింక్, కింద ఐదు నక్షత్రాల రివ్యూలు. దయచేసి కొనకండి. కొనక తప్పదనుకుంటే ముందు ఇది చదవండి. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే సరుకును రకరకాల పేర్లతో చాలామంది అమ్ముతున్నారు, ఒక పేరు తెలిసి ప్రయోజనం లేదు. సరుకును గుర్తుపట్టడం తెలియాలి.

మాది విజయవాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చిన్న స్టూడియో. కింద ఎడిటింగ్ గది, పై అంతస్తులో స్టోరేజ్. ఈ రెంటి మధ్య రాగి కేబుల్ ఉన్నన్నాళ్లూ ఉరుములతో వాన పడిందంటే టెన్షనే, ఏ స్విచ్‌లో ఏ పోర్టు పోతుందో చెప్పలేం. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి ఆ దారిన పిడుగు భయం ఉండదు. వేగం కంటే ముందు నాకు కావలసింది అది. స్టోరేజ్ నడిపేది రీఫర్బిష్డ్‌గా కొన్న లెనోవో థింక్‌సెంటర్ ఎం720క్యూ. అంత చిన్న పెట్టెలోనూ రైజర్ ముక్క (కార్డును బోర్డు స్లాట్‌కు పడుకోబెట్టి తగిలించే చిన్న అడాప్టర్) ఒకటి కొనుక్కుంటే పీసీఐ కార్డు పడుతుంది, కాకపోతే 2.5 అంగుళాల డ్రైవ్ ఉండే చోటు వదులుకోవాలి. (చూడటానికి ఇలాగే ఉండే మోడళ్లన్నిటికీ బోర్డు మీద ఆ స్లాట్ ఉండదు. మూత తీసిన ఫోటో చూడకుండా మినీ పీసీ కూడా కొనకండి.)

వచ్చిన కార్డుకు బ్రాండ్ పెట్టె లేదు, బబుల్ ర్యాప్ చుట్టి పంపారు. అంచున ఉండే బంగారు రంగు కాంటాక్టుల మీద ఇదివరకు స్లాట్‌లో దిగి వచ్చిన గీతలు, హీట్‌సింక్ రెక్కల సందుల్లో బూడిద రంగు దుమ్ము. చిప్ ఇంటెల్ 82599, అంటే 2009లో వచ్చిన తరం. మంచి చిప్పే, ఎక్స్520 కార్డుల రూపంలో ఎన్నో సర్వర్లలో ఏళ్ల తరబడి పనిచేసింది. నా ఫిర్యాదు చిప్ మీద కాదు. దాన్ని పాత సర్వర్ నుంచి పీకి, పైపైన తుడిచి, కొత్తది, మినీ పీసీ కోసమే అని అమ్మేవాళ్ల మీద.

మూత తీసి బల్ల మీద పెట్టి పరీక్షించినప్పుడు నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్‌లో 9.4 గిగాబిట్ల వేగం చూపించింది. మూత బిగించి ఒక పెళ్లి ఫుటేజ్ మొత్తం కాపీకి పెడితే మాత్రం సగంలో లింక్ పోయింది. కాసేపటికి వచ్చింది, మళ్లీ పోయింది. చివరికి కర్నల్ లాగ్‌లో ‘అడాప్టర్ రిమూవ్డ్’ అని పడి, అసలు కార్డే సిస్టమ్‌కు కనిపించకుండా పోయింది. రీస్టార్ట్ చేసినా రాలేదు. కరెంటు తీసేసి చల్లారనిస్తేనే వచ్చింది. అప్పటికి హీట్‌సింక్ మీద వేలు ఆనించలేనంత వేడి.

ఇలా చల్లగా ఉన్నప్పుడు బతికి, పని పడ్డాక పడిపోయే కార్డును చూస్తే ముందు కేబుల్ మీద, తర్వాత మాడ్యూల్ (కార్డు పోర్టులో దూర్చి ఫైబర్ తగిలించే చిన్న ముక్క) మీద, ఆ తర్వాత డ్రైవర్ మీద అనుమానం పోతుంది. అవన్నీ మార్చేముందు మూత తీసి, మామూలు టేబుల్ ఫ్యాన్ పక్కన పెట్టి అదే కాపీ మళ్లీ నడపండి. అప్పుడు నిలబడిందంటే జబ్బు వేడిదే.

ఇందులో అంతుపట్టని విషయం ఏమీ లేదు. సర్వర్లలో ముందు నుంచి వెనక్కి గాలిని బలంగా తోసే ఫ్యాన్లు వరసగా ఉంటాయి. ఆ గాలి ఎలాగూ ఉంటుందన్న లెక్కతోనే ఈ కార్డులకు సొంత ఫ్యాన్ పెట్టకుండా వట్టి హీట్‌సింక్‌తో వదిలేస్తారు. డేటాషీట్‌లో ఎల్ఎఫ్ఎం అని ఒక అంకె కనిపిస్తే అది ఈ సంగతే: కార్డు మీదుగా గాలి నిమిషానికి ఎన్ని అడుగుల వేగంతో పోవాలో చెబుతుంది. మా మినీ పీసీ కొలతలు సుమారు 179, 183, 34.5 మిల్లీమీటర్లు. లోపల ఉన్న ఫ్యాన్ ప్రాసెసర్ కోసం పెట్టింది. ప్రాసెసర్ వేడెక్కితే వేగం పెంచుతుంది, పక్కన కార్డు ఒకటి ఉడికిపోతోందని దానికి తెలియదు. ఫైళ్లు కాపీ అవుతున్నప్పుడు ప్రాసెసర్‌కు పెద్ద పని ఉండదు కాబట్టి ఫ్యాన్ మెల్లగా తిరుగుతూ ఉంటుంది. అంటే కార్డుకు గాలి బాగా కావలసిన వేళకే అది అందదు.

దీనికి మన ఎండలు తోడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో ఏసీ లేని పై గది నలభై డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. గదిలో పెరిగిన ప్రతి డిగ్రీకి చిప్ మీద కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. ఇరవై డిగ్రీల గదిలో కూర్చుని ‘ఫ్యాన్ లేకుండా హాయిగా నడుస్తోంది’ అని చలి దేశంలో ఎవరో రాసిన మాట అబద్ధం కాదు, కానీ మనకు పనికిరాదు. నేను కొన్న కార్డు కింద ఉన్న రివ్యూల తేదీలు కూడా చూశాను. ఎక్కువ భాగం డిసెంబర్, జనవరి.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే మొదటి జవాబు: ‘ఇది ప్లగ్ అండ్ ప్లే సర్. మీ ఫైబర్ మాడ్యూల్‌లో ప్రాబ్లం ఉంటుంది సర్.’ మాడ్యూల్ తీసేసి, డాక్ (డీఏసీ) కేబుల్, అంటే ఫైబర్ మాడ్యూల్ అక్కర్లేకుండా నేరుగా పోర్టులో దిగే పొట్టి రాగి కేబుల్ పెట్టి, అప్పుడు కూడా లింక్ పోతున్న వీడియో పంపాను. ‘మీ పీసీలో వెంటిలేషన్ లేదు సర్, సర్వర్‌లో పెట్టుకోండి.’ మినీ పీసీ కంపాటిబుల్ అని రాసింది మీరే కదండీ అని అడిగితే, ‘అంటే ఫిజికల్‌గా పడుతుంది అని మీనింగ్ సర్.’

ఈ పోస్టు రాయడానికి కారణం ఆ ఒక్క మాటే. పట్టడం వేరు, నడవడం వేరు. వాళ్లు మొదటిదానికే హామీ ఇస్తున్నారు, మనం రెండోదానికి డబ్బు కడుతున్నాం.

మరి ఏది కొనాలి? ముందు చిప్ పేరు అడగండి, బోర్డు మీద అతికించిన బ్రాండ్ పేరు కాదు. 82599 ఉన్న రెండు పోర్టుల కార్డు సుమారు ఎనిమిది వాట్లు తింటుంది, పని లేనప్పుడు కూడా పెద్దగా తగ్గదు. పైగా ఈ పాత తరం కార్డులు పీసీఐ లింక్‌ను నిద్రపోనివ్వవు, దాంతో ప్రాసెసర్ కూడా పూర్తి విశ్రాంతిలోకి వెళ్లదు. మొత్తం పెట్టెకే వేడి పెరుగుతుంది. 2014లో వచ్చిన ఇంటెల్ ఎక్స్710 అదే పనిని దాదాపు సగం కరెంటుతో చేస్తుంది. ధర ఎక్కువే, మూసిన పెట్టెకు మాత్రం ఆ తేడా పెట్టదగ్గదే అని నా అభిప్రాయం. కాకపోతే ఎక్స్710కి నకిలీలు కూడా ఎక్కువ. మెలనాక్స్ కనెక్ట్‌ఎక్స్-3 ఒక్క పోర్టు కార్డు చవక, లైనక్స్‌లో ఇప్పటికీ నడుస్తుంది. వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ 8 వాడేవాళ్లు దాని జోలికి పోవద్దు, అందులో దానికి డ్రైవర్ తీసేశారు. ఒక పోర్టుతో సరిపోయేచోట రెండు పోర్టులది కొనకండి. రెండోదాన్ని వాడకపోయినా ఆ చిప్ వేడి ఎక్కడికీ పోదు.

‘ఫైబర్ కార్డ్’ అన్న పేరు కింద ఇంకో పెద్ద మోసం నడుస్తోంది. క్యూలాజిక్ క్యూఎల్ఈ2562, ఎమ్యులెక్స్ ఎల్‌పీఈ12002 లాంటివి ‘8జీ ఫైబర్ కార్డ్’ అని చాలా చవకగా దొరుకుతాయి. అవే రంధ్రాలు, అవే ఎల్‌సీ కనెక్టర్లు. కానీ అవి ఫైబర్ ఛానల్ కార్డులు, పెద్ద కంపెనీల స్టోరేజ్ నెట్‌వర్కుల కోసం చేసినవి. ఈథర్‌నెట్ స్విచ్‌తో అవి మాట్లాడవు. 8 అనే అంకె కనిపిస్తే ఆగండి, ఈథర్‌నెట్‌లో 8 గిగాబిట్ల రకం లేదు. అలాగే డెల్ సర్వర్ల డాటర్ కార్డులు, హెచ్‌పీ ఫ్లెక్స్‌లామ్, ఓసీపీ కార్డులు కూడా చిప్ పేరుతో అమ్ముతున్నారు. వాటి కనెక్టరే వేరు, మామూలు పీసీఐ స్లాట్‌లో దిగవు. కార్డు అడుగు భాగం ఫోటో అడిగి తీరాలి.

స్లాట్ పొడవు చూసి కూడా మోసపోవద్దు. పొడుగ్గా పదహారు లేన్ల (లేన్ అంటే డేటా పోయే ఒక దారి) స్లాట్‌లా కనిపించేదానిలో నిజంగా తీగలున్నవి ఎనిమిదో నాలుగో ఉండొచ్చు. 82599 పీసీఐ రెండో తరం కార్డు, లేన్‌కు 4 గిగాబిట్లు. నాలుగు లేన్లు దొరికితే 16, ఒక పోర్టుకు చాలు, రెండు పోర్టులు పూర్తిగా నడపడానికి చాలదు. ఒక్క లేన్ ఉన్న ఎం.2 వైఫై స్లాట్‌కు అడాప్టర్ తగిలించి 10జీ రావాలంటే రాదు. లైనక్స్‌లో ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ ఇచ్చే వివరాల్లో లింక్ స్టేటస్ చూస్తే ఎన్ని లేన్లు, ఏ వేగం అన్నది కనిపిస్తుంది. వచ్చిన రోజే ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత వాదనకు పనికొస్తుంది.

ఇక పోర్టులో పెట్టేది. ఈ కార్డుల మీద ఉండే ఎస్ఎఫ్‌పీ ప్లస్ పోర్టు మామూలుగా 1 లేదా 1.5 వాట్ల మాడ్యూల్ కోసం చేసింది. ఫైబర్ మాడ్యూళ్లు ఆ లోపే ఉంటాయి. ఆర్‌జే45 జాక్ ఉన్న 10జీ రాగి మాడ్యూల్ మాత్రం రెండు, రెండున్నర వాట్లు దాటుతుంది. మినీ పీసీ వెనక రెండు పోర్టుల్లో రెండు అవే పెట్టిన వాళ్లను చూశాను, వద్దు బాబూ. పక్కనే ఉన్న స్విచ్‌కు అయితే పాసివ్ డాక్ కేబుల్ వేయండి, దానికి కరెంటు ఖర్చు దాదాపు లేనట్టే. అంతస్తులు దాటాలంటే ఎస్ఆర్ (తక్కువ దూరాల రకం) మాడ్యూల్, ఓఎం3 రకం ఫైబర్ చాలు, 300 మీటర్ల దాకా పోతుంది. ఇంటెల్ కార్డులు వేరే కంపెనీ కోడింగ్ (మాడ్యూల్ లోపల రాసి ఉండే కంపెనీ గుర్తింపు) ఉన్న ఫైబర్ మాడ్యూళ్లను తిరస్కరిస్తాయి. 82599కి లైనక్స్ డ్రైవర్‌లో దాన్ని దాటించే ఆప్షన్ ఉంది, కానీ మాడ్యూల్ కొనేటప్పుడే ఇంటెల్ కోడింగ్ అని అడిగితే ఆ తలనొప్పి ఉండదు. డాక్ కేబుళ్లతో ఈ పేచీ సాధారణంగా రాదు.

ఇంకో మాట. ఇంటర్నెట్ వాళ్లు ఇంటికి లాగిన ఫైబర్‌ను నేరుగా ఈ కార్డులో పెట్టుకోవచ్చని కూడా ఒకరిద్దరు అమ్మకందారులు చెబుతున్నారు. అది జీపాన్ అనే వేరే పద్ధతి, ఒకే పోగులో రెండు వేర్వేరు తరంగాల మీద నడుస్తుంది, దాని భాష కూడా వేరు. మామూలు 10జీ మాడ్యూల్‌తో పనిచేయదు.

చల్లదనం సంగతి నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మంచి కార్డు కొన్నా ఇది తప్పదు. మొదట హీట్‌సింక్‌కూ మూతకూ మధ్య ఖాళీ కొలవండి. చిన్న ఫ్యాన్లలో సులువుగా దొరికేది 40 మిల్లీమీటర్ల చదరం, 10 మిల్లీమీటర్ల మందం. ఆ ఖాళీ లేకపోతే ఫ్యాన్ పైన కూర్చోదు, పక్క నుంచి ఊదాలి. రెక్కలు ఏ దిక్కుకు ఉన్నాయో ఆ దిక్కుకే గాలి పోవాలి, అడ్డంగా ఊదితే ఫలితం సగమే. గాలి లోపలికి వెళ్లడం ఒక్కటే చాలదు, బయటికి పోయే దారి కూడా ఉండాలి. లేదంటే అదే వేడి గాలిని లోపలే తిప్పుతూ ఉంటుంది. 5 వోల్టుల ఫ్యాన్ అయితే వెనక యూఎస్‌బీ నుంచే కరెంటు ఇవ్వొచ్చు. నోక్టువాలో ఎన్ఎఫ్-ఎ4ఎక్స్10 అనే దానికి 5 వోల్టుల రకం ఉంది, పెద్దగా చప్పుడు చేయదు. పాత కార్డు అయితే హీట్‌సింక్ స్ప్రింగ్ పిన్నులు మెల్లగా నొక్కి తీసి, చిప్ వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే ఎండిపోయిన పేస్ట్ తుడిచి కొత్తది రాయండి. వారంటీ ఉన్న కార్డుకు మాత్రం ఇది చేయకండి. బయాస్‌లో శబ్దమా చల్లదనమా అని ఎంచుకునే ఆప్షన్ ఉంటే చల్లదనం వైపు పెట్టండి. పెట్టెను నిలబెట్టి, పైన రూటర్ లాంటివి పేర్చకుండా ఉంచితే అదీ కలిసొస్తుంది.

వేడి ఎంతుందో తెలుసుకోవడం ఒక్కో కార్డుకు ఒక్కో రకం. మెలనాక్స్‌కు దాని సొంత టూల్స్‌లో చిప్ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. చాలా పాత కార్డులు అసలేమీ చెప్పవు. ఫైబర్ మాడ్యూల్ వేడి మాత్రం లైనక్స్‌లోని ఈథ్‌టూల్ కమాండ్‌కు మైనస్ ఎం ఆప్షన్ ఇచ్చి చూడొచ్చు. సాధారణ రకం మాడ్యూళ్లకు 70 డిగ్రీలు హద్దు. దానికి దగ్గర పడుతుంటే ఫ్యాన్ చాలడం లేదన్నమాట. డాక్ కేబుల్‌కు ఈ కొలత రాదు. పవర్ అడాప్టర్ కూడా చూసుకోండి. 65 వాట్లది ఉంటే కార్డు, ఫ్యాన్, డిస్కులు అన్నీ దాని మీదే పడతాయి. నేను 90 వాట్లదానికి మారాను.

డబ్బు విషయానికొస్తే, అమ్మినవాళ్లు రిటర్న్ గడువు అయిపోయేదాకా ‘టెక్నికల్ టీమ్ చూస్తోంది సర్’ అని లాగారు. ఆ మాట నమ్మి ఆగకండి, ముందు రిటర్న్ పెట్టేసి తర్వాత మాట్లాడండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న, నకిలీ, లేదా ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. అందుకే ఫిర్యాదులో ‘వేడెక్కుతోంది’ అన్నది రెండో మాటగా పెట్టాను. మొదటి మాట ‘కొత్తది అని చెప్పి వాడినది పంపారు’, దానికి కాంటాక్టుల మీది గీతల ఫోటోలు, ప్రకటన స్క్రీన్‌షాట్. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాక ఒక్కసారిగా వాళ్ల స్వరం మారింది. కార్డు ధర వెనక్కి వచ్చింది, తిరిగి పంపిన కొరియర్ ఖర్చు నేనే భరించాను.

ఆ ప్రకటన ఇప్పటికీ ఉంది. ధర ఏడు వందలు పెంచారు, ఫోటోలో హీట్‌సింక్ మీద నల్లటి బుల్లి ఫ్యాన్ ఒకటి అతికించారు, పేరులో ‘కూలింగ్ ఎడిషన్’ అని చేర్చారు. చిప్ 82599నే. ‘బ్రాండ్ న్యూ’ అన్న మాట కూడా అలాగే ఉంది.